ఊపిరి బాకీ

"నీళ్ళలో ఎట్టి పరిస్థితుల్లోనూ ఊపిరి బిగబట్టకూడదు."

దోహాలో స్కూబా డైవింగ్ నేర్చుకుందామని చేరిన మొదటి రోజు మా గురువుగారు చెప్పిన మొదటి మాట ఇది. ఆయన ఈజిప్టు మనిషి, ఎర్రసముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, మా అందరిచేతా మూడుసార్లు పైకి అనిపించారు, చిన్నప్పుడు మాస్టారు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. అది 2013. నాకప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, పగలంతా ఎవరివో డేటాబేసులు ఒక చోట్నించి ఇంకో చోటికి మారుస్తూ బతికే కన్సల్టెంటుని. ఇంత చదివినవాణ్ణి, ఊపిరి పీల్చడం ఒకరు నేర్పాల్సి వచ్చిందే అని లోపల నవ్వుకున్నాను.

ఆ ఏడాదే నవంబరులో, కతారా సముద్రతీరంలో ఏటా జరిగే పాతకాలపు పడవల పండగకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. అక్కడ ఒక ముసలాయన చిన్న బల్ల ముందు కూర్చుని, బట్టల క్లిప్పులాంటిదొకటి వచ్చినవాళ్ళ చేతుల్లో పెడుతున్నాడు. మా అబ్బాయి దాన్ని ముక్కుకి తగిలించుకుని నవ్వాడు. ఆయనా నవ్వాడు. దాని పేరు 'ఫితామ్' అని, తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసేవారని, ముత్యాల కోసం సముద్రంలోకి దిగేవాళ్ళు ముక్కు మూసుకోవడానికి పెట్టుకునేవారని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళ నాన్న ఆ పని చేశాడట. "గాలి సీసా లేదు, ఏమీ లేదు. ఊపిరి బిగబట్టడమే," అన్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. అదే సముద్రం, అదే ఒడ్డు. ఒకప్పుడు ఊపిరి బిగబడితేనే అన్నం. ఇప్పుడు ఊపిరి బిగబడితే ప్రాణం పోతుంది. ఈ రెంటి మధ్యా ఏం జరిగిందో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం. నేను చరిత్రకారుణ్ణి కాను. పుస్తకాల్లోనూ మ్యూజియాల్లోనూ దొరికిందానికి, నీళ్ళలో నాకు తెలిసొచ్చిందాన్ని కలిపి చెబుతున్నాను.

*

ముందు నా సంగతి కాస్త చెప్పుకోవాలి. మాది విశాఖపట్నం. మా ఇంటి మేడ మీద నిలబడితే సముద్రం కనిపించేది. పెద జాలరిపేట కుర్రాళ్ళు నాలుగు దుంగలు కట్టిన తెప్పల మీద నిలబడి కెరటాలు దాటుతుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. కానీ నాకు ఈత రాదు. మా అమ్మ శాసనం ఒక్కటే: "సముద్రానికి దణ్ణం పెట్టుకో, దగ్గరికి మాత్రం పోకు." ఆర్.కె. బీచిలో ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరి పిల్లాడు పోయేవాడు. అమ్మ భయం ఉత్తి భయం కాదు. సముద్రం పక్కన ఇరవై మూడేళ్ళు పెరిగి, మోకాలి లోతు దాటకుండా విమానం ఎక్కేశాను. ఈత నేర్చుకున్నది ఎడారి దేశానికి వచ్చాక, అపార్టుమెంటు కొలనులో, మా అబ్బాయితో పాటు.

ఖతర్ మ్యాపు చూశారా? సౌదీ నుంచి సముద్రంలోకి చాపిన బొటనవేలిలా ఉంటుంది. మూడు వైపులా నీళ్ళే. చెరువు లేదు, నది లేదు, వాన ఏడాదికి నాలుగు జల్లులు. చమురు బయటపడక ముందు ఈ నేల మీద ఒంటెలూ ఖర్జూరాలూ తప్ప పెద్దగా ఏమీ లేవు. ఉన్నదంతా నీళ్ళ కిందే. ఈ గల్ఫు లోతైన సముద్రం కాదు. సగటు లోతు ముప్ఫై అయిదు మీటర్లకి అటూ ఇటూ. ఆ లోతు తక్కువ నేల మీద ఆల్చిప్పల పరుపులు మైళ్ళకొద్దీ ఉండేవి. 1863లో ఇక్కడికి వచ్చిన పాల్‌గ్రేవ్ అనే ఇంగ్లీషు యాత్రికుడితో అప్పటి దోహా షేక్ మహమ్మద్ బిన్ థానీ అన్నాడట, ఇక్కడ చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ముత్యానికే బానిసలని. పొగడ్త కాదది, ఉన్నమాట.

వాయవ్య తీరంలో అల్ జుబారా అనే పాడుబడ్డ ఊరొకటి ఉంది. పద్దెనిమిదో శతాబ్దం నడుమ ముత్యాల వ్యాపారం మీద లేచింది. 1811లో దాడికి గురై తగలబడిపోయింది. మళ్ళీ కొంత కోలుకున్నా, చివరికి ఇసక కప్పేసింది. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నేను డైవింగ్‌లో చేరిన ఏడాదే! ఆ గోడల మధ్య నడుస్తుంటే మనకి మోటుపల్లి గుర్తు రాకమానదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయ శాసనంలో, ఓడ వర్తకుల్ని దోచుకోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని మాటిచ్చాడు. సుంకం కట్టాల్సిన సరుకుల జాబితాలో చందనం, కర్పూరం, పగడాలతో పాటు ముత్యాలూ ఉన్నాయి. రేవు పట్టణాల బతుకు ఎక్కడైనా ఒక్కటే. సముద్రం ఇచ్చినన్నాళ్ళు ఇస్తుంది.

*

ముత్యాల వేట ఎలా జరిగేదో చెప్తాను.

'పెద్ద దిగుడు' అనే కాలం ఎండాకాలంలో, సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు. దోహాలో ఆగస్టు ఎండ తెలిసినవాళ్ళకి ఇది వింటేనే చెమటలు పడతాయి. కానీ నీళ్ళు వెచ్చగా ఉండేది అప్పుడే. పడవలన్నీ ఒకేసారి బయలుదేరేవి. పడవ యజమాని లేదా నాయకుడు 'నోఖదా'. ఈ మాట మనకి కొత్త కాదు, హిందూ మహాసముద్రపు రేవులన్నిటా వినిపించిన మాటే. మునిగేవాడు 'గైస్'. పైనుంచి తాడు పట్టుకుని లాగేవాడు 'సైబ్'. పడవ మీద పాటలు పాడేందుకే ఒక మనిషి ఉండేవాడు, 'నహామ్' అని. ఇంకా వంటకీ నీళ్ళందించడానికీ పది పన్నెండేళ్ళ పిల్లలు.

మునిగేవాడి సామగ్రి ఎంతో తెలుసా? ముక్కుకి ఫితామ్. చిప్పలు కోసుకుపోకుండా వేళ్ళకి తోలు తొడుగులు. మెళ్ళో వేసుకునే వల బుట్ట. కాలికి తగిలించుకునే రాయి. జెల్లీ చేపల కాలం వస్తే ఒళ్ళంతా కప్పే పల్చటి నూలు బట్ట. అంతే. రాయి బరువుతో జర్రున కిందికి జారేవాడు. రాయిని ఒక తాడుతో పైకి లాగేసేవారు. రెండో తాడు అతని దగ్గర ఉండేది. నిమిషమో, నిమిషంన్నరో, చేతికందిన చిప్పలు బుట్టలో వేసుకుని, ఇక ఆగలేననుకున్నప్పుడు తాడు ఒక్కసారి గుంజేవాడు. పైనున్న సైబ్ క్షణం ఆలస్యం చేయకుండా లాగాలి. అతను పక్కవాడితో కబుర్లాడుతూ ఏమరుపాటున ఉంటే, కిందవాడి పని అయిపోయినట్టే. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఇలా పదుల కొద్దీ మునకలు. పగలు నాలుగు ఖర్జూరాలు, ఓ గుక్కెడు కాఫీ. కడుపు నిండా తింటే మునగలేరు. రాత్రికి అన్నం, చేప.

తీసిన చిప్పలన్నీ ఒకే కుప్ప పోసి, మర్నాడు పొద్దున్నే నోఖదా కళ్ళెదుట విప్పేవారు. ఏ చిప్ప ఎవరు తెచ్చారో తెలియదు. వందల చిప్పల్లో ఒకదాంట్లో ముత్యముంటే అదృష్టం, అందులో అమ్ముడుపోయే ముత్యముంటే మహద్భాగ్యం. స్వాతి కార్తెలో పడిన వాన చినుకే ఆల్చిప్పలో ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పుకున్నారు. ముత్యం వాన చినుకులోంచే పుడుతుందని అరబ్బులూ నమ్మారు. అసలు సంగతి అంత అందంగా ఉండదు. చిప్పలోకి ఏదో పురుగో నలకో దూరి బాధపెడితే, దాని చుట్టూ పొర మీద పొర కప్పుకుంటూ ఆ జీవి చేసుకున్న మందే ముత్యం.

1907 నాటి లెక్కల్ని బ్రిటిష్ అధికారి లోరిమర్ తన గెజిటీరులో నమోదు చేశాడు. ఖతర్ నుంచి ఎనిమిది వందలకి పైగా పడవలు, వాటి మీద దాదాపు పదమూడు వేల మంది. అప్పటి ఖతర్ జనాభాయే సుమారు 27 వేలు! అంటే వేసవిలో ఈ ఒడ్డున మిగిలేది ఆడవాళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు. నాలుగు నెలలు ఉత్తరం లేదు, కబురు లేదు. పడవలు తిరిగొచ్చే రోజులు దగ్గరపడితే ఆడవాళ్ళు ఒడ్డుకి వచ్చి, ఇక చాలు, మావాళ్ళని మాకు ఇచ్చెయ్యి అని సముద్రాన్ని పాటలతో బతిమాలేవారట, తిట్టేవారట. ఒక్కోసారి సముద్రం వినేది కాదు. 1925లో వచ్చిన పెనుగాలికి గల్ఫంతటా ముత్యాల పడవలు మునిగిపోయి ఎంతోమంది పోయారు. ఆ ఏడాదిని ఇప్పటికీ 'మునక సంవత్సరం' అనే పిలుచుకుంటారు. మన దివిసీమవాళ్ళు 1977 నవంబరుని తలుచుకున్నట్టు.

*

మరి ఆ ముత్యాలు ఎక్కడికి వెళ్ళేవి? మన దగ్గరికే.

గల్ఫు ముత్యాలకి పెద్ద సంత బొంబాయి. అక్కడ జల్లెడ పట్టి, తూచి, బెజ్జం వేసి, దండలు గుచ్చి, కొన్ని లండను, పారిస్ పంపేవారు. కొన్ని మన సంస్థానాధీశులు కొనుక్కునేవారు. ముత్యం విలువ కట్టే లెక్కకి గల్ఫులో వాడిన కొలమానం 'చావ్'. అదీ బొంబాయి బజారు నుంచి వచ్చిందే. మన చెవికి అది 'చావు'లా వినిపిస్తుందంటే తప్పు మనది కాదు. గల్ఫులో చాలా చోట్ల చెలామణీ అయ్యింది కూడా మన రూపాయే. ఖతర్‌లో 1966 దాకా రూపాయితోనే బేరాలు జరిగాయి. మనం ఇప్పుడు రియాళ్ళని రూపాయల్లోకి మార్చి ఇంటికి పంపుతున్నాం. అప్పుడు వాళ్ళు రూపాయల కోసం మునిగారు.

బహ్రెయిన్, ఖతర్ నీళ్ళలో దొరికిన ముత్యాన్ని మనవాళ్ళు 'బస్రా ముత్యం' అన్నారు. హైదరాబాదుకి ముత్యాల నగరమన్న పేరు తెచ్చింది అదే. సముద్రానికి అంత దూరాన, రాళ్ళ గుట్టల మధ్య ఉన్న ఊరికి ఆ పేరేమిటని ఎప్పుడైనా ఆలోచించారా? కొనే నిజాం అక్కడున్నాడు, బెజ్జం వేసే చేతులు అక్కడున్నాయి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్న నిజాం నగల్లో ఏడుపేటల బస్రా ముత్యాల హారం 'సత్‌లడా' ఒకటి. పత్తర్‌గట్టీలో మా అమ్మ పెళ్ళికి కొన్న రెండు పేటల దండ ఏనాటి ముత్యాలతో చేసిందో నాకు తెలియదు గానీ, ఈ చదువు మొదలయ్యాక దాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ బరువుగానే అనిపిస్తోంది.

*

ఇప్పుడు బాకీ సంగతి.

ఈ వేటకి పెట్టుబడి అప్పు. వ్యాపారి నోఖదాకి అప్పిస్తాడు. నోఖదా మునిగేవాడికి అడ్వాన్సు ఇస్తాడు, నాలుగు నెలలు ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కాలం అయ్యాక ముత్యాలమ్మిన డబ్బులో ఖర్చులు పోగా వాటాలు. మునిగేవాడికి ఎక్కువ, లాగేవాడికి కాస్త తక్కువ. అందులోంచి అడ్వాన్సు కోత. మిగిలేది చాలక చలికాలానికి మళ్ళీ అప్పు. లెక్కల పుస్తకం నోఖదా దగ్గర, చదువు రాని మునిగేవాడి దగ్గర గుర్తుండే కష్టం. బాకీ తీరేదాకా ఇంకో పడవ ఎక్కడానికి వీల్లేదు. చాలాచోట్ల తండ్రి పోతే బాకీ కొడుకు మీద పడేది, బాకీతో పాటు తాడూ రాయీ కూడా. 1932లో బహ్రెయిన్‌లో మునిగేవాళ్ళు అడ్వాన్సుల కోత మీద తిరగబడ్డారు. వీళ్ళు కాక, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ ఈ పడవల మీద ఉండేవారు. వాళ్ళ వాటా యజమానిదే. ఖతర్‌లో బానిసత్వం రద్దయ్యింది 1952లో. ఆ చరిత్రని దాచకుండా చెప్పే మ్యూజియం, బిన్ జెల్మూద్ హౌస్, దోహా నడిబొడ్డున మ్షైరెబ్‌లో ఉంది.

ఆ మ్యూజియానికి నేను ఒంటరిగా వెళ్ళలేదు. మేము పనిచేసే ఆఫీసులో డ్రైవరుగా ఉన్న తమ్ముడొకడు తోడొచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె. ఏజెంటుకి కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో దిగాడు. మొదటి రెండేళ్ళ జీతం ఆ అప్పుకే పోయింది. నేను ముత్యాల బాకీ సంగతి చెబుతుంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గిది మా ఊరి ముచ్చటనే గదన్నా," అన్నాడు. "మా బాపు బొంబాయికి వొయ్యిండు, నేను దోహాకొచ్చిన. బాకి ఒక్కటే మారలే."

నాకేం చెప్పాలో తోచలేదు. నేనూ వలసవాణ్ణే, కానీ నేను బాకీతో రాలేదు. కంపెనీ టికెట్టు మీద, చేతిలో సూట్‌కేసుతో వచ్చాను. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చుని దిగినా మా ఇద్దరిదీ ఒకే ప్రయాణం కాదు. తరవాత కొన్ని మారాయి. 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు చట్టంలోకి వచ్చింది. 2021 మార్చి నుంచి నెలకి వెయ్యి రియాళ్ళ కనీస వేతనం అమలయ్యింది. ఊళ్ళో వడ్డీ మాత్రం ఏ చట్టానికీ వినదు.

*

ముత్యాల కాలం ఒక్క దెబ్బకి పోలేదు, రెండు మూడు దెబ్బలకి పోయింది. జపానులో మికిమోటో కోకిచి అనే నూడుల్స్ అమ్మేవాడి కొడుకు, 1893లో ఆల్చిప్పలో మనిషి చేత్తో నలక పెట్టి అర్ధగోళం ముత్యాన్ని పండించాడు. 1920ల నాటికి గుండ్రటి పెంపకపు ముత్యాలు లండను, పారిస్ బజార్లకి చేరాయి. 1929 మాంద్యంతో కొనేవాళ్ళూ పోయారు. దోహాలో ఆకలి రోజులు మొదలయ్యాయి. పడవలు ఒడ్డున ఎండి బీటలు వారాయి. ఇల్లూ వాకిలీ వదిలి చాలామంది పక్క దేశాలకి వలసపోయారు. అవును, ఖతర్ వాళ్ళే! నేడు ప్రపంచమంతా వలస వచ్చే ఈ ఊరి నుంచి ఒకప్పుడు పొట్ట చేతపట్టుకుని జనం వెళ్ళిపోయారు.

1935లో చమురు ఒప్పందం కుదిరింది. 1939-40లో పడమటి తీరాన దుఖాన్‌లో చమురు పడింది. యుద్ధం వచ్చి పని ఆగింది. చివరికి 1949 డిసెంబరు ఆఖరున మొదటి ఓడ చమురు నింపుకుని బయలుదేరింది. ఎక్కణ్ణించి? మెసయీద్ రేవు నుంచి. ఆ దారిలోనే, సీలైన్ తీరంలో, ఇప్పుడు మేము కొత్తవాళ్ళకి డైవింగ్ నేర్పుతాం.

ఇక్కడ ముత్యాల పడవలు మూలపడిన ఆ యుద్ధకాలంలోనే, 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో నౌకాదళం మనిషి జాక్ కూస్టో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. లోతుని బట్టి, నోటితో పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా గాలినిచ్చే చిన్న పరికరం. దాంతో మనిషి తాడూ గొట్టం లేకుండా నీళ్ళలో తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అవసరం తీరిపోయాక ఉపాయం దొరకడమంటే ఇదే.

*

తీరిగ్గా అన్నాను గానీ, ఆ తీరికకి ఒక ధర ఉంది. అది నాకు అయిదో డైవులో తెలిసింది.

పదకొండు మీటర్ల లోతు. మాస్కులోకి నీళ్ళు వచ్చాయి. మాస్కు కాస్త ఎత్తి ముక్కుతో ఊదితే నీళ్ళు పోతాయని కొలనులో ఇరవైసార్లు చేశాను. అక్కడ మాత్రం ముక్కుతో పీల్చాను. ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. ఇంక ఏ పాఠమూ గుర్తులేదు. పైన వెలుతురు కనిపిస్తోంది, అక్కడికి పోవాలి, అంతే. నోరు బిగించి, ఊపిరి బిగబట్టి, రెండు కాళ్ళతో పైకి తన్నాను. మా గురువుగారు నా జాకెట్ పట్టీ ఒడిసి పట్టుకున్నారు. ఒక చేత్తో నన్ను ఆపి, రెండో చెయ్యి నా ముఖం ముందు పెట్టి, ఊదు ఊదు అని సైగ చేశారు. ఊదాను. మళ్ళీ పీల్చాను. గాలి వచ్చింది. అది ఎప్పుడూ వస్తూనే ఉంది, నేనే మర్చిపోయాను.

ఆ రాత్రి లెక్క వేసి చూసుకున్నాను. 1662లో బాయిల్ చెప్పిన సూత్రమే, ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిందే. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. ముత్యాల మనిషి పైన పీల్చిన గాలితో దిగితే, పది మీటర్ల దగ్గర అది సగానికి నలిగి, పైకొచ్చేసరికి మళ్ళీ మొదటంత అవుతుంది. ఊపిరితిత్తులు పగలవు. నేను మాత్రం కిందనే, ఒత్తిడి పెట్టిన గాలిని నిండా పీల్చాను. దాన్ని బిగబట్టి పైకొస్తే అది రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు బుడగలు కావు, చిరుగుతాయి. దానికి పది మీటర్లు అక్కర్లేదు, నిండు ఊపిరితో మీటరున్నర లేచినా చాలు. అతన్ని బతికించిన పనే నన్ను చంపుతుంది. గురువుగారు రెండు గీతలు ఎందుకు గీశారో అప్పుడర్థమయ్యింది.

రెండో ప్రమాదం నెమ్మదిగా వచ్చేది. లోతులో నత్రజని రక్తంలో కరుగుతుంది. గబగబా పైకొస్తే సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. 1870లలో అమెరికాలో వంతెనల పునాదులు తవ్విన కూలీలు ఈ జబ్బుతో కుంటివాళ్ళయ్యారు, కొందరు పోయారు. కారణం బుడగలేనని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ చూపించాడు. ఎంతసేపు ఎక్కడ ఆగుతూ పైకి రావాలో 1908లో హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి పట్టికలు కట్టాడు. ఇప్పుడు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటరు లోపల ఆ ఆలోచనకి మనవలే పనిచేస్తున్నాయి. నా వృత్తి కాబట్టి చెప్తున్నాను, నేను చూసిన ప్రోగ్రాముల్లో తప్పు జరిగితే క్షమాపణ ఈమెయిల్ సరిపోనిది ఇదొక్కటే. చిత్రమేమిటంటే, ఊపిరి బిగబట్టి రోజంతా మునిగేవాళ్ళకీ ఈ జబ్బు వస్తుందని పసిఫిక్ దీవుల ముత్యాల మనుషుల్లో తర్వాత గమనించారు. గల్ఫు గైసుల చెవి గూబలు పగిలేవి, కళ్ళు పుసులు కట్టేవి, కొందరు పైకొచ్చి పడవ మీదే పడిపోయేవారు. వాళ్ళకి పట్టికలు కట్టినవాళ్ళు లేరు.

*

2018లో నేను కూడా ఇన్‌స్ట్రక్టరునయ్యాను. శుక్ర, శనివారాలు నేర్పుతాను. నేర్పేదాంట్లో సాహసం తక్కువ, అలవాటు ఎక్కువ. దిగేముందు ఒకరి సామాను ఒకరు తడిమి చూడాలి. జాకెట్, బరువులు, బకిల్స్, గాలి, వరుసగా. చెవి నొప్పి పుట్టకముందే ముక్కు పట్టుకుని మెల్లగా ఊది సర్దుకోవాలి, నొప్పి పుడితే కాస్త పైకి లేవాలి, ఓర్చుకోకూడదు. సిలిండరులో యాభై బార్లు మిగిలుండగానే పైకి చేరాలి. పైకొచ్చేటప్పుడు మన చిన్న బుడగల కంటే వేగంగా రాకూడదు. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. మనవాళ్ళు కొత్తలో చేసే పొరపాటొకటుంది. బాగుందా అని అడిగితే బొటనవేలు ఎత్తి చూపిస్తారు. నీళ్ళలో దాని అర్థం 'పైకి పోదాం' అని! ఇద్దరు ముగ్గుర్ని అలా అనవసరంగా పైకి తీసుకొచ్చేశాను.

అన్నిటికన్నా ముఖ్యం తోడు. స్కూబాలో ఒంటరిగా దిగకూడదు, పక్కన 'బడ్డీ' ఉండాలి. ఈ నియమం చెప్పేటప్పుడు నేను సైబ్ కథ చెప్తాను. తాడు ఇప్పుడు లేదు, కానీ కనపడని తాడు ఉంది, అవతలి కొస నీ చేతిలో ఉంది, కబుర్లలో పడకు అని. పుస్తకంలో ఉన్న నియమం మర్చిపోతారు, ఇది మర్చిపోరు.

అడుగున ఏం కనిపిస్తుందని అందరూ అడుగుతారు. మాల్దీవుల లాంటి రంగులు ఆశించకండి. ఇక్కడి నీళ్ళు ఉప్పు ఎక్కువ, వేసవిలో 35 డిగ్రీలు దాటతాయి. 1996, 1998, 2017ల్లో వచ్చిన వేడికి పగడాలు పాలిపోయి చాలా చచ్చిపోయాయి. అయినా ఈ వేడికి తట్టుకుని బతికినవి ఉన్నాయి. మిగతా సముద్రాల భవిష్యత్తు వీటిని చూసి తెలుసుకోవచ్చని శాస్త్రవేత్తలు వస్తుంటారు. ఇసకలో ముఖం దాచుకున్న తిరండి చేపలు, గుంపులుగా వెంటపడే బ్యాట్‌ఫిష్, ఎప్పుడైనా ఒక నీటిపాము. పాముని చూస్తే కదలకండి, అది మనల్ని పట్టించుకోదు. అరబ్బులు 'సముద్రపు ఆవు' అనే డ్యూగాంగ్‌లు, ఆస్ట్రేలియా తర్వాత, అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఈ గల్ఫులోనే. గడ్డి మేస్తాయి కాబట్టి మనమూ ఆ పేరే పెట్టేవాళ్ళం. ఫువైరిత్ తీరంలో తాబేళ్ళు గుడ్లు పెడతాయని ఆ కాలంలో బీచి మూసేస్తారు. ఒకప్పుడు ఫితామ్‌కి చిప్పనిచ్చినవాటికి ఇప్పుడు కాపలా! అన్నిటికన్నా వింత, ఈశాన్యాన అల్ షాహీన్ చమురు క్షేత్రంలో బావుల చుట్టూ, చేపలు గుడ్లు పెట్టే వేసవిలో, వందకి పైగా తిమింగల సొరలు ఒక్కచోట చేరతాయి. 2013లో శాస్త్రవేత్తలు ఆ సంగతి లోకానికి చెప్పారు. మనుషుల్ని దగ్గరికి రానివ్వని చమురు కంచె ఆ మూగజీవాలకి నీడైంది.

*

2019లో ఖతర్ నేషనల్ మ్యూజియం తెరిచారు. అందులో ఒక గదిలో తివాచీ ఒకటుంది. 1860లలో బరోడా మహారాజు గైక్వాడ్ చేయించింది. దాదాపు పదిహేను లక్షల గల్ఫు ముత్యాలు కుట్టారు. ఈ సముద్రంలో పుట్టి, బొంబాయి చేరి, బరోడాలో కూర్చుని, 2009లో ఇక్కడే దోహాలో వేలానికి వచ్చి, చివరికి పుట్టింటికి చేరింది. తమ్ముణ్ణి అక్కడికీ తీసుకెళ్ళాను. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "గింతమంది మునిగిండ్రన్న మాట," అన్నాడు, ముత్యాల్ని కాకుండా మనుషుల్ని లెక్కపెడుతున్నట్టు.

అతని బాకీ 2022లో తీరింది. తీరిన నెలలో నా దగ్గరికి వచ్చి, "అన్నా, నాకు గూడ నేర్పుతవా?" అన్నాడు. వాళ్ళ ఊరి చెరువులో నేర్చుకున్న ఈత నా ఈత కన్నా నయం. ఫీజు సంగతి ఎత్తబోతే, నేనే ఆపాను. తమ్ముడి దగ్గర ఇంకో బాకీ పెట్టించే పని నాది కాదు. ఆరు వారాలు పట్టింది.

చివరి డైవులో పైకొస్తూ అయిదు మీటర్ల దగ్గర ఆగాం. మూడు నిమిషాలు. అతను తాడు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, తన బుడగలు పైకి పోవడం చూస్తున్నాడు. నేను అతన్నే చూస్తున్నాను, నా పని అది కాబట్టి.

పడవ ఎక్కి, ముఖం తుడుచుకుని, మొదట చేసిన పని జగిత్యాలకి ఫోను. గాలిలో సగం మాటలే నాకు వినబడ్డాయి.

"ఏం కాలే అమ్మా... ఆ, మునిగిన... లేదే, ఊపిరి బిగవట్టుడు లేదు. నీళ్ళల్ల గూడ శ్వాస ఆడుతది."